గ్రూపులో వాదన, గోడ మీద పటం

రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా సాగిన వాట్సాప్ చర్చ, సుమారు రెండొందల సందేశాలు: ముడిసరుకు ఇదీ. తయారయ్యేది ఏ3 కాగితం మీద ముప్పై కార్డుల వాదపటం. ఇంగ్లిషులో ఆర్గ్యుమెంట్ మ్యాప్ అంటారు. పైన ఒక ప్రశ్న, దాని కింద సమాధానాలు, ఒక్కో సమాధానాన్ని మోసే కారణాలు, ఆ కారణాలను కొట్టే ఆక్షేపణలు, అన్నిటినీ కలిపే గీతలు. ముగ్గురు కూర్చుంటే రెండు సాయంత్రాలు, మొత్తం ఏడెనిమిది గంటల పని. ఖర్చు నూటయాభై రూపాయలు దాటదు.

చోటు ఆదిత్యపూర్. ఖర్కాయ్ నదికి ఇటు ఆదిత్యపూర్, అటు జంషెడ్‌పూర్. ఇక్కడి నిట్ 1960 ఆగస్టు 15న రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా మొదలై 2002లో నిట్ అయింది. జేఈఈ మెయిన్ ర్యాంకులతో రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఇక్కడికి వస్తారు. వచ్చిన కొత్తలోనే ఏదో ఒక తెలుగు వాట్సాప్ గ్రూపులో చేరడం మామూలు. మెస్సులో కూర నుంచి ప్లేస్‌మెంట్ల దాకా అన్ని వాదనలూ అందులోనే. ఈ కథనానికి తీసుకున్న చర్చ నమూనా. సందేశాలు నేను కూర్చినవి, వాటి వెనకున్న విషయాలు మాత్రం నిజమైనవి.

విషయం కాలేజీ గేటు బయటే ఉంది. ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో వెయ్యికి పైగా యూనిట్లున్నాయి. వాటిలో చాలావాటికి ప్రధాన ఖాతాదారు టాటా మోటార్స్ జంషెడ్‌పూర్ లారీల కర్మాగారం. కాస్టింగులు పోసేవాళ్లు, ఫోర్జింగులు కొట్టేవాళ్లు, రేకు ప్రెస్ చేసేవాళ్లు, సీఎన్‌సీ మీద గేర్లు కోసేవాళ్లు ఇక్కడుంటారు. రేపు లారీలు కరెంటుతో నడిస్తే వీళ్ల పని ఏమవుతుంది? మెకానికల్, మెటలర్జీ చదివే పిల్లలకు ఇది రేపటి ఉద్యోగంతో ముడిపడ్డ ప్రశ్న. గ్రూపులో అది ఇలా మొదలవుతుంది: ‘ఈవీలు వచ్చాయంటే ఆదిత్యపూర్ ఖాళీ అయిపోద్ది మామా.’ వరంగల్ వైపు కుర్రాడు అందుకుంటాడు: ‘గట్లెట్ల అంటవ్ రా, హైడ్రోజన్ లారీలు కూడా వస్తున్నయ్ కదా.’ ఇంకొకడు: ‘లారీకి బ్యాటరీ పెడితే సరుకెక్కడ ఎక్కిస్తార్రా, బరువంతా దాందే.’ నాలుగోవాడు: ‘2019లో ఏమైందో మర్చిపోయారా?’

మొదటి పని అనుమతి, ఆ తర్వాతే ఎగుమతి. అడ్మిన్ ఒక్కడు సరే అంటే చాలదు. ఆ రాత్రి మాట్లాడిన ప్రతివాడినీ అడగాలి, ఒప్పుకోనివాడి సందేశాలు తీసేయాలి. చాట్ మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కి, ఫొటోలూ వీడియోలూ లేకుండా అని ఎంచుకుంటే అంతా ఒక టెక్స్ట్ ఫైలుగా వస్తుంది. అందులో తేదీ, సమయం, పేరు, మాట వరసగా ఉంటాయి. పేర్లూ ఫోన్ నంబర్లూ చెరిపి అ, ఆ, ఇ అని అక్షరాలు పెడతారు. దీనికి ఇరవై నిమిషాలు. పేరు చెరపడం గోప్యత కోసమే కాదు. మాట ఎవరిదో తెలియనప్పుడే దాన్ని మాటగా తూచగలం. సీనియర్ అన్నాడు కాబట్టి బరువెక్కువ, ఫస్టియర్ వాడు అన్నాడు కాబట్టి తక్కువ అన్న లెక్క ఇక్కడితో పోతుంది.

రెండోది తూర్పారబట్టడం. స్టిక్కర్లు, నవ్వు బొమ్మలు, ‘కరెక్ట్ బ్రో’లు, మధ్యలో దూరిన క్రికెట్ స్కోరు గాలికి పోతాయి. ఇక్కడ తొందర పనికిరాదు. వెటకారంలో కూడా వాదన దాక్కుని ఉంటుంది. ‘అవును, ట్రక్కు నిండా బ్యాటరీలే వేసుకుని పోదాం’ అన్నది ఎగతాళిలా కనిపిస్తుంది, కానీ దాని లోపల బ్యాటరీ బరువు వల్ల మోసే సరుకు తగ్గుతుందనే అసలైన ఆక్షేపణ ఉంది. చేయి తిరిగినవాళ్లు ఇలాంటివాటిని పక్కన పెట్టుకుంటారు. రెండొందల్లో నలభై, నలభై ఐదు మిగిలితే సరిగ్గా ఏరినట్టు. ముప్పావు గంట పడుతుంది.

మూడో దశలో ప్రశ్నను చెక్కుతారు. ‘ఈవీలు మంచివా కాదా’ అన్న ప్రశ్నకు పటం కుదరదు, దాని కింద ఏం పెట్టినా ఇముడుతుంది. మన మీమాంసకులు ఒక అధికరణాన్ని, అంటే చర్చకు తీసుకున్న ఒక అంశాన్ని, విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అని అయిదు భాగాలు చేస్తారు. అందులో విషయం తర్వాత వెంటనే వచ్చేది సంశయం. అంటే రెండు వైపులా నిలబడటానికి చోటున్న ప్రశ్న ముందు దొరకాలి. 1970లో హార్స్ట్ రిట్టెల్, వెర్నర్ కుంజ్ నగర ప్రణాళికల్లాంటి చిక్కు సమస్యల కోసం ఐబిస్ అనే పద్ధతి తయారుచేసినప్పుడు కూడా ప్రశ్ననే పైన పెట్టారు. ప్రశ్న కింద సమాధానాలు, సమాధానాల కింద అనుకూల, ప్రతికూల కారణాలు. మన నమూనాలో నాలుగైదుసార్లు తిరగరాశాక ప్రశ్న ఇలా తేలుతుంది: రాబోయే పదేళ్లలో విద్యుత్ లారీల వల్ల ఆదిత్యపూర్ విడిభాగాల యూనిట్ల పని ఏమవుతుంది? కాలం ఉంది, చోటు ఉంది, ఏ వాహనమో ఉంది. కార్లూ స్కూటర్లూ బయటికి పోయాయి. వాటితో పాటు పదిహేను సందేశాలు కూడా పోతాయి, పోనివ్వాలి.

నాలుగోది విడగొట్టడం. ఒక కార్డుకు ఒకే మాట. ‘ఎందుకంటే’, ‘కాబట్టి’, ‘కానీ’ కనిపించిన ప్రతిచోటా వాక్యాన్ని కోస్తారు. ‘ఇంజినే ఉండదు కాబట్టి ఇక్కడోళ్లకి పని ఉండదు, 2019లో చూశాం కదా’ అన్న సందేశం మూడు కార్డులవుతుంది. ప్రతి కార్డూ విడిగా చూసినా ఒక పూర్తి వాక్యం కావాలి, నిజమో అబద్ధమో తేల్చదగ్గదై ఉండాలి. ‘ఇంజిన్ సంగతి’ అని రాస్తే అది కార్డు కాదు, శీర్షిక. యాభై రూపాయల స్టిక్కీ నోట్ల కట్ట ఇక్కడ పనికొస్తుంది. కంప్యూటర్ తెరవకముందు చేత్తో రాసి గోడకు అంటించడమే మేలని నా అభిప్రాయం. జరపడం సులువు, ముగ్గురూ ఒకేసారి చూడగలరు. గంటన్నరలో ముప్పై దాకా కార్డులు తేలతాయి. మొదటి మూడు సమాధానాలు. ఒకటో కార్డు: పని తగ్గుతుంది. రెండోది: పని రకం మారుతుంది, మొత్తం తగ్గదు. మూడోది: లారీల్లో మార్పు నెమ్మది, పదేళ్లలో తేడా కనిపించదు.

అయిదో దశ అసలు పనితనం, దీనికే రెండు గంటలు కేటాయించాలి. కారణాన్ని సమాధానానికి కలిపే గీత గీయడం తేలిక. ఆ గీత ఎందుకు నిలుస్తుందో చెప్పడం కష్టం. 1958లో స్టీఫెన్ టూల్మిన్ ‘ది యూజెస్ ఆఫ్ ఆర్గ్యుమెంట్’ అనే పుస్తకంలో దీనికి ఒక చట్రం ఇచ్చాడు. మనం చెప్పే మాట ఒకటి, దానికి చూపే ఆధారం ఒకటి, ఆధారం నుంచి మాటకు వెళ్లడానికి హక్కునిచ్చే నియమం మూడోది. ఆ నియమానికి దన్ను, మాట ఎంత గట్టిదో చెప్పే పరిమితి, ఎప్పుడు చెల్లదో చెప్పే మినహాయింపు దాని చుట్టూ ఉంటాయి. ఈ మూడో ముక్కను మన తర్కశాస్త్రకారులు, అంటే నైయాయికులు, ఎంతో ముందే పట్టుకున్నారు. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం శతాబ్దాలుగా తర్కం నేర్చుకునేవాళ్లకు తొలి వాచకం. అందులో ఎదుటివాడిని ఒప్పించే అనుమానానికి అయిదు అవయవాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది, పొగ ఉంది కాబట్టి, పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది వంటింట్లోలా, ఈ కొండా అలాంటిదే, కాబట్టి నిప్పుంది. పొగ ఉన్నచోటల్లా నిప్పు అనే ఆ నియమం పేరు వ్యాప్తి. వాట్సాప్‌లో అందరూ ప్రతిజ్ఞ, హేతువు రాస్తారు. వ్యాప్తి ఎవరూ రాయరు. పటం గీసేవాళ్ల పని దాన్ని తవ్వి తీయడం.

తవ్వడానికి ఒక పద్ధతుంది. మెల్‌బోర్న్‌లో టిమ్ వాన్ గెల్డర్ విద్యార్థుల కోసం ‘రేషనాలె’ అనే వాదపటాల సాఫ్ట్‌వేర్ తయారుచేయించాడు. ఆ బృందం నేర్పే రెండు నియమాలు ఇక్కడ చేతికందుతాయి. మొదటిది కుందేలు నియమం: ఖాళీ టోపీలోంచి కుందేలు రాదు, తేల్చిన మాటలో ఉన్న ప్రతి ముఖ్యమైన పదం కారణాల్లో ఎక్కడో ఉండి తీరాలి. రెండోది చేతులు పట్టుకునే నియమం: ఒక కారణంలో ఉన్న పదం తేల్చిన మాటలో లేకపోతే, పక్క కారణంలోనైనా కనిపించాలి. మన ఒకటో కార్డులో ‘ఆదిత్యపూర్ యూనిట్లు’, ‘పని’, ‘పదేళ్లు’ ఉన్నాయి. కారణంగా పెట్టిన నాలుగో కార్డు ‘విద్యుత్ లారీకి డీజిల్ ఇంజిన్ ఉండదు’. ఆదిత్యపూర్ ఎక్కణ్నుంచి వచ్చింది? పదేళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? ఎవరూ అనని రెండు మాటలు బయటపడతాయి. ఏడో కార్డు: ఆదిత్యపూర్ యూనిట్ల పనిలో పెద్ద భాగం ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ భాగాలే. ఎనిమిదో కార్డు: పదేళ్లలో ఇక్కడ తయారయ్యే లారీల్లో ఎక్కువ విద్యుత్‌వే అవుతాయి. ఇవి రాయగానే గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే రెండొందల సందేశాల గొడవ నిజానికి ఈ రెండు వాక్యాల మీదే జరిగింది, అవి మాత్రం ఒక్కసారీ పైకి రాలేదు. ఎవరో చెప్పక వదిలేసిన మాట కాబట్టి ఈ కార్డులకు చుక్కల అంచు గీస్తారు.

ఆరోది ఆక్షేపణలు కట్టడం. ఆక్షేపణ ఎక్కడ తగులుతుందో చూసుకోవాలి. కొన్ని నేరుగా సమాధానానికి ఎదురు నిలుస్తాయి: విద్యుత్ లారీకి కూడా చాసిస్, ఇరుసు, బ్రేక్ డ్రమ్ము, కమాను పట్టీలు, చక్రం రిమ్ము, క్యాబిన్ రేకు కావాలి, కాబట్టి పని అంతా పోదు. నైయాయికుల సత్ప్రతిపక్షం ఇలాంటిదే, ఎదుటి హేతువుకు సమానంగా నిలిచే మరో హేతువు. ఇంకొన్ని గీతను తెంచుతాయి. ‘2019లో చూశాం కదా’ అన్న కార్డుకు జరిగేది ఇదే. 2019లో లారీల అమ్మకాలు పడిపోయినప్పుడు టాటా మోటార్స్ జంషెడ్‌పూర్ కర్మాగారం విడతలవారీగా కొన్ని రోజులు పని ఆపింది, ఆదిత్యపూర్ యూనిట్లకు ఆర్డర్లు ఆగాయి, షిఫ్టులు తగ్గాయి. ఆధారం నిజమే. కానీ ఆ పతనానికి కారణాలు వేరు: ఫైనాన్స్ సంస్థల దగ్గర అప్పు దొరక్కపోవడం, బీఎస్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్‌లో వస్తాయన్న ఎదురుచూపు, 2018 జులైలో ఇరుసు బరువు పరిమితి పెంచడం. ఆ పెంపుతో ఉన్న లారీలే ఎక్కువ సరుకు మోయసాగాయి, కొత్తవాటి అవసరం తగ్గింది. ఒక్క విద్యుత్ లారీ లేకుండానే పని తగ్గిందంటే పని తగ్గడమనే ఈ హేతువు, విద్యుత్ లారీల ప్రభావమనే సాధ్యం లేనిచోట కూడా ఉందన్నమాట. తర్కంలో దీన్ని సవ్యభిచారం అంటారు.

ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేర్పున్నవాళ్లూ లేనివాళ్లూ విడిపోయేది ఈ చోటే. గీత తెగింది కదా అని 2019 కార్డును చెత్తబుట్టలో వేయడం సులువు. అలా వేయరు. కార్డు చేతిలో పట్టుకుని, ఇది ఇంకేదైనా చెబుతుందా అని చూస్తారు. చెబుతుంది: ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడ్డ యూనిట్లు అతని దగ్గర ఏ మార్పు వచ్చినా ముందు దెబ్బతింటాయి. ఈ మాట ఒకటో సమాధానానికి నేరుగా కాదు గానీ, రెండో సమాధానానికి ఆక్షేపణగా గట్టిగా నిలుస్తుంది. పని రకం మారాలంటే కొత్త యంత్రాలు కొనాలి, ఒకే ఖాతాదారున్న చిన్న యూనిట్‌కు ఆ ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? కార్డు అక్కడికి జరుగుతుంది. ఆ సందేశం పెట్టిన కుర్రాడు ఓడిపోలేదు, అతని మాట సరైన చోట కూర్చుంది. పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో రాయకుండా సిద్ధాంతం రాయకూడదన్న పాత శాస్త్రకారుల పట్టుదల ఈ పనిలో అడుగడుగునా కావాలి.

ఏడోది ఆధారాలు అతికించడం, రెండో సాయంత్రం మొదలయ్యేది దీనితోనే. ప్రతి కింది కార్డుకూ తేదీ, మూలం రాయాలి. వరంగల్ కుర్రాడి హైడ్రోజన్ మాటకు ఆధారం దొరుకుతుంది. 2024 మార్చిలో జంషెడ్‌పూర్‌లో టాటా, కమిన్స్ ఉమ్మడి సంస్థ హైడ్రోజన్ ఇంజిన్ల కర్మాగారం ప్రారంభించింది. 2025 మార్చి 4న టాటా మోటార్స్ 16 హైడ్రోజన్ లారీలతో 24 నెలల పరీక్ష మొదలుపెట్టింది, ఆ దారుల్లో జంషెడ్‌పూర్ కూడా ఉంది. వాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి హైడ్రోజన్‌ను ఇంజిన్‌లోనే మండించేది, రెండోది ఫ్యూయల్ సెల్‌తో కరెంటు పుట్టించేది. ఈ తేడా పటంలో చాలా పెద్దది. మండించే రకంలో సిలిండర్ బ్లాకు, పిస్టన్, క్రాంక్ షాఫ్టు మిగులుతాయి, అంటే కాస్టింగు, ఫోర్జింగు పని మిగులుతుంది. ఫ్యూయల్ సెల్ రకంలో మిగలవు. గ్రూపులో ‘హైడ్రోజన్ లారీలు వస్తున్నయ్’ అని ఒక్క మాటగా ఉన్నది పటంలో రెండు కార్డులై, ఒకటి మూడో సమాధానాన్ని మోస్తుంది, ఇంకొకటి తిరిగి ఒకటో సమాధానానికి బలం అవుతుంది. ఆధారాల పనికి గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు.

గోడ మీది నోట్లను కంప్యూటర్లోకి ఎక్కించడానికి ముప్పావు గంట. రెండు దారులున్నాయి, రెండూ ఉచితం. ‘ఆర్గ్‌డౌన్’ అనేది జర్మనీలోని కార్ల్‌స్రూహేలో తయారైన రాత పద్ధతి. మామూలు టెక్స్ట్ ఫైలులో వాక్యం రాసి, దాని కింద కొంచెం లోపలికి జరిపి, కూడిక గుర్తు పెడితే సమర్థన, తీసివేత గుర్తు పెడితే ఆక్షేపణ, కింది గీత గుర్తు పెడితే గీతను తెంచే ఆక్షేపణ. తెలుగులోనే రాయొచ్చు. వీఎస్ కోడ్‌లో ఎడమవైపు రాస్తుంటే కుడివైపు పటం తనే గీసుకుంటుంది. ప్రోగ్రామింగ్ అలవాటున్న పిల్లలకు ఇది హాయి. రెండోది 2017లో వచ్చిన ‘కియాలో’. అందులో ఒక మాట కింద పచ్చవైపు అనుకూలం, ఎర్రవైపు ప్రతికూలం. ఫోన్లోనే నలుగురూ కలిసి కట్టొచ్చు, ఒక్కో కారణం ఎంత బరువైందో అంకె వేయొచ్చు. అయితే గీత మీదికే తగిలే ఆక్షేపణకు అక్కడ విడిగా గుర్తు లేదు, దాన్ని కూడా ప్రతికూలంగానే రాయాల్సి వస్తుంది. 2019 లాంటి కార్డులున్న పటానికి నేను ఆర్గ్‌డౌన్‌నే ఎంచుకుంటాను. పూర్తయిన పటాన్ని ఏ3 రంగుల ప్రింటు తీయిస్తే ముప్పై, నలభై రూపాయలు, కాపీలు రెండు తీస్తే ఒకటి మెస్సు దారిలోని నోటీసు బోర్డుకు.

పటం తిరిగి గ్రూపుకు చేరాలి. ఫొటోగా పంపితే వాట్సాప్ కుదించి అక్షరాలు మసకబారుస్తుంది, డాక్యుమెంటుగా పంపాలి. దాంతో పాటు జవాబు రాసే తీరు నాలుగు ముక్కల్లో ఇస్తారు: కార్డు నంబరు, సమర్థనా ఆక్షేపణా, ఒక్క వాక్యం, ఆధారం. ‘పన్నెండుకు ఆక్షేపణ’ అని మొదలయ్యే సందేశం సగం పని చేసి వస్తుంది. జర్మనీలోని సార్లాండ్ విశ్వవిద్యాలయంలో దిమిత్ర సోవాల్ట్జీ, ఆర్మిన్ వైన్‌బెర్గర్ బృందం విద్యార్థుల ఫేస్‌బుక్ చర్చల్లోనే ఇలాంటి ఆసరాలు పెట్టి పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించింది. వాదన ఎలా కట్టాలో చెప్పే చట్రం ఒకటి, గ్రూపులో మిగతావాళ్లు ఎక్కడున్నారో చూపే ఏర్పాటు ఇంకొకటి. వాట్సాప్‌లో రెండోదానికి పోల్ చాలు. కానీ ‘ఈవీలతో పని తగ్గుతుందా’ అని పోల్ పెట్టరు. ఒక్కో కార్డుకు విడిగా పెడతారు: ఇది నిజమైతే పై మాటను ఎంత మోస్తుంది, అస్సలు మోయదా, కొంచెమా, బాగానా? నిజమా కాదా అన్నది ఆధారాల లెక్క, మోసే బలం పోల్ లెక్క. రెండూ కలిపితే పటం మళ్లీ గొడవై కూర్చుంటుంది.

మూడు రోజుల్లో పది, పన్నెండు జవాబులు వస్తాయి. గీసినవాళ్లు రోజుకొక పావుగంట వాటిని ఎక్కిస్తారు. నా ఉద్దేశంలో పటానికి మంచి గుర్తు, కొత్త జవాబులు ఎక్కువగా చుక్కల అంచు కార్డుల మీదే పడటం. ఎనిమిదో కార్డు మీద బ్యాటరీ బరువు ఆక్షేపణ ఎక్కుతుంది, దానికి జవాబుగా గనుల్లో, కర్మాగారాల మధ్య తిరిగే చిన్న దూరాల లారీల సంగతి వస్తుంది: రోజూ ఒకే దారి, సాయంత్రానికి వెనక్కి వచ్చే బండ్లు, చార్జింగ్ ఒకే చోట. ఇది జంషెడ్‌పూర్ చుట్టుపక్కల ఊరికే ఊహించిన మాట కాదు, అలాంటి బండ్లు ఇక్కడి రోడ్ల మీద కనిపిస్తాయి.

ఏడో కార్డు మాత్రం గ్రూపులో తేలదు, నెట్‌లోనూ దొరకదు. ఆ లెక్క యూనిట్ల ఖాతాపుస్తకాల్లో ఉంటుంది. కాబట్టి చివరి పని కాలినడకన చేసేది. ఇద్దరు పారిశ్రామికవాడలోకి వెళతారు, ముందే రాసుకున్న ప్రశ్నతో: గత ఏడాది మీరు పంపిన సరుకులో ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ భాగాలు బరువులో ఎంత, బిల్లులో ఎంత? రెండూ అడగాలి. పోత పోసిన ముక్క టన్నుల్లో ఎక్కువ కనిపిస్తుంది, మెషినింగ్ అయిన గేరు రూపాయల్లో ఎక్కువ కనిపిస్తుంది. కాస్టింగు యూనిట్లు రెండు, ఫోర్జింగు ఒకటి, ప్రెస్ షాపు ఒకటి, గేర్లు కోసే యూనిట్ ఒకటి చూస్తే కార్డుకు మొదటి ఆధారం దొరుకుతుంది, పేర్లు రాయకుండా ఏ రకం యూనిటో మాత్రం రాస్తారు. అయిదింటి లెక్క వెయ్యింటికి సరిపోదు కాబట్టి దాని పక్కన ‘అయిదు యూనిట్ల మాట’ అని పరిమితి కూడా రాస్తారు. అప్పుడు ఏడో కార్డు చుక్కల అంచు తీసి నిండు గీత వేస్తారు, లేదా లెక్క ఎదురుగా వస్తే దాన్ని కొట్టేసి, నాలుగో కార్డు నుంచి ఒకటో కార్డుకు ఉన్న గీతను సన్నం చేస్తారు. ఫైలు పేరు చివర ఒకటి తీసి రెండు వేసి, కొత్త డాక్యుమెంటును గ్రూపులో పెడతారు.